నీ మడి మీద రోగం చల్లాను

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇవాళే మేనేజరు ముదీర్ నీ మడి మీద కూడా రోగం గడ్డి చల్లమన్నాడు. "సాబ్, యే ఏక్ ఛోడ్ దో" అని, ఈ ఒక్కదాన్ని వదిలెయ్యమని బతిమాలాను. "టెస్ట్ నహీ తో ఉఖాడ్‌కే ఫేంకో. ఖలాస్" అన్నాడు. పరీక్ష పెట్టకపోతే పీకి పారెయ్యాలట, అంతే.

షార్జాలో గ్యారేజీ వెనక, నూనె నీళ్లు పారేచోట పచ్చగా ఉందని నీ మడిలోని ఈ గడ్డిని డాల్డా డబ్బాలో పెట్టుకొని అజ్మాన్‌లో మనం పనిచేసే లాన్ గడ్డి నర్సరీకి తెచ్చావు. ఉప్పునీళ్లు పోసినా, అసలు నీళ్లే మరిచినా అది మాడలేదు. పిలకలు తీసి మడంతా నాటావు. ఇంక మచ్చల రోగానికి తట్టుకుంటుందో లేదో చూడటమే మిగిలింది. రోగమొచ్చిన గడ్డిని సన్నగా కోసి చల్లాలి, తడిపి గోనెపట్టాలు కప్పాలి, చచ్చింది పారేసి బతికినదాన్ని పెంచాలి.

వేరే మడుల మీద చల్లేటప్పుడు నువ్వు నవ్వేవాడివి. "రోగం అంటిస్తెనే గదరా, ఏది గట్టిదో ఎర్కయ్యేది!"

నీ మడి మీద నేనే చల్లాను. తడిపి గోనెపట్టాలు కప్పాను. ఆ గడ్డి చస్తే ఈ దేశంలో నీదంటూ ఏమీ మిగలదు.

కూలీల క్యాంపులో మన రాజన్న ధైర్యం చెప్పాడు. "మీ బావ మల్లన్న గడ్డి మొండిది. దానికేం గాదు."

ఆ మాటకే నాకు ఒళ్లు చల్లబడింది. నిన్ను తీసుకుపోయిన ఆ జ్వరం వచ్చినప్పుడు, నీ మీద దుప్పటి కప్పుతూ నేనన్నదీ అదే. "మా బావ మొండోడు. ఏం గాదు."

రేపు పొద్దున పట్టాలు ఎత్తి చూడాలి.