ఇంటిపేరు ముందా, వెనకా?

దావీదన్నా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. ఈ ఉత్తరం నీకు అందదని తెలుసు. అయినా చెప్పకపోతే నాకు అన్నం దిగేలా లేదు.

నిన్న మన ఉదయగిరి ఆఫీసు ఉద్యోగుల జాబితానీ ఆత్మకూరు జాబితానీ ఫ్లాపీల్లో తెచ్చి ఒకే కంప్యూటర్లో కలిపారు. హైదరాబాదు హెడ్డాఫీసు ప్లానులో ఆఫీసులన్నీ ఒకటే అని గొప్పగా రాసుంది. ప్రోగ్రాం రాసినవాడు మాత్రం ఊరికొకడు. ఉదయగిరివాడు ఇంటిపేరు ముందు పెట్టాడు, ఆత్మకూరువాడు వెనక పెట్టాడు.

అన్ని ఆఫీసులకూ ఏది ఒకేలా ఉండాలో, ఏది ఎవరిష్టం వాళ్లు మార్చుకోవచ్చో నువ్వు ముందే నమూనా బొమ్మ గీసిచ్చావు. "స్క్రీను ఎట్టయినా పెట్టుకోనీండి సార్, పేరు మాత్రం అందరూ ఒకే తీరుగా రాయాల" అన్నావు. పెద్దసారు ఆ బొమ్మ మీద టీ గ్లాసు పెట్టి, "పైన ప్లాను ఉండాది, కింద ప్రోగ్రాం ఉండాది, మధ్యలో నీ బొమ్మ ఏందయ్యా?" అన్నాడు. ఆ మేధావికి ప్రమోషన్ కూడా వచ్చింది.

ఇప్పుడు కంప్యూటరు నిన్ను ఇద్దరనుకుంటోంది. ఉదయగిరి జాబితాలో నువ్వు చనిపోయావు. బదిలీకి ముందు నువ్వు పనిచేసిన ఆత్మకూరు జాబితాలో ఇంటిపేరు వెనక తగిలించుకుని ఇంకా డ్యూటీలోనే ఉన్నావు. ఏడాదిగా ఎందుకు రాలేదో సంజాయిషీ ఇవ్వమని ఈ ఉదయం నీ పేరున మెమో వచ్చింది. వదిన చేతికి పోకముందే నేను తీసుకున్నాను.

సంజాయిషీ పంపేశాను అన్నా. ఒక్క ముక్క కూడా రాయలేదు. నీ బొమ్మ జతచేశాను, టీ గ్లాసు మరకతో సహా.