శిరీషకు లెక్కలు రావంట

జులై 3, గురువారం

ఏడో తరగతిలో కారణాంకాలు మొదలుపెట్టాను. పన్నెండుకు కారణాంకాలు రాయమంటే సగం క్లాసు 12, 24, 36 అని రాసింది. అవి గుణిజాలు. రెండు మాటలూ వాళ్లకు ఒక్కటే.

చివరి బెంచీలో శిరీష కాగితం ఖాళీ. మూలన మాత్రం చిన్న ఏనుగు తొండం... ఎంత చక్కగా గీసిందో. ఎందుకు రాయలేదని అడగబోతే పక్కనున్న మౌనిక అందుకుంది — "ఆమెను అడగకుండ్రి టీచర్. ఆమెకు లెక్కలు రావు." శిరీష కాదనలేదు. అదే నాకు నచ్చలేదు.

జులై 4

మళ్లీ చెప్పాను. నిర్వచనం అందరూ ఒక్క గొంతుతో అప్పజెప్పారు. పదిహేనుకు కారణాంకాలు అడిగితే మళ్లీ ముప్పై. ఇలా కాదు.

జులై 7, సోమవారం

ఇంట్లో చింతపండు నుంచి తీసిన గింజలన్నీ సంచిలో వేసుకుని పోయాను. పిల్లల్ని నేల మీద కూర్చోబెట్టాను. పన్నెండు గింజలు. సమానమైన వరసలుగా పేర్చాలి, ఒక్కటీ మిగలకూడదు. ఆరేసి రెండు వరసలు. నాలుగేసి మూడు... ఎన్ని వరసలో, వరసకు ఎన్నో, అవే కారణాంకాలు అన్నాను. "ఓ... గిదేనా!" అంది క్లాసంతా.

తర్వాత పదమూడు ఇచ్చాను. గోల. తలుపు దగ్గర హెడ్మాస్టర్ గారు — "ఏంది మేడం గీ లొల్లి?" లెక్కలు సార్, అన్నాను. నమ్మలేదు.

శిరీష ఒక్కతే తల ఎత్తలేదు. రెండేసి పేర్చింది, ఒకటి మిగిలింది. మూడేసి, నాలుగేసి... చెరిపేసింది, మళ్లీ పేర్చింది. చివరికి విసుక్కుంది — "గిది మొండిది టీచర్. ఒక్క లైన్ల తప్ప నిల్వదు!"

ఆమె గొంతు క్లాసులో వినడం నాకు ఇదే మొదలు. దాన్నే ప్రధాన సంఖ్య అంటారని బోర్డు మీద రాశాను. పిల్లలు మాత్రం మొండి సంఖ్య అనే అంటున్నారు. అననీ.

జులై 8

ఒకటి మొండిదా, కాదా? పెద్ద తగువు. ప్రధాన సంఖ్యకు కారణాంకాలు రెండే ఉండాలి, ఒకటీ, ఆ సంఖ్యా. మరి ఒకటికి ఉన్నది ఒక్కటే. "పాపం, దానికి జోడీ లేదు" అంది మౌనిక.

హెడ్మాస్టర్ పిలిపించారు. "సిలబస్ ఎట్ల అయితది మేడం?" అవుతుంది సార్. ఎలాగో తెలియదు. అవుతుంది.

జులై 11

శిరీష నిన్నా రాలేదు, ఇవాళా రాలేదు. మౌనిక చెప్పింది — "వాళ్ల బాపుతోని బొమ్మల రంగులకు పోతుంది టీచర్. వినాయక చవితి దాక రాదంట."

చవితి దాకా ఆగిపోతే ఈ పాఠమే కాదు, చాలా పోతాయి. ఆ తర్వాతైనా వస్తుందా? పోయిన ఏడాది ఇలాగే ఆగిన పిల్ల మళ్లీ బడి మొహం చూడలేదు.

జులై 12, రెండో శనివారం

సెలవు. ఆటోలో ధూల్‌పేట్, శిరీష వాళ్లింటికి. సందంతా తెల్లటి వినాయకులు, చాలావాటికి ఇంకా రంగు పడలేదు. శిరీష తండ్రి నర్సింగ్ కుంచె కింద పెట్టకుండానే మాట్లాడాడు.

"పోయినేడు సారే చెప్పిండు మేడం, మీ పిల్లకు లెక్కలు ఎక్కవని. మీరెందుకు పరేషాన్ అయితరు? పని అయితే మంచిగ వస్తది."

అది నిజమే. పక్కనే శిరీష ఒక బొమ్మ కిరీటం అంచున బంగారు గీత గీస్తోంది, చెయ్యి వణకడం లేదు.

అప్పుడాయన ఇరవై నాలుగు చిన్న బొమ్మల్ని పొడుగాటి చెక్క మీద సర్దుతున్నాడు, ఆరేసి నాలుగు వరసలుగా. చివరి వరస అంచు దాటుతోంది. శిరీష తల ఎత్తకుండానే — "ఎనిమిదేసి మూడు లైన్లు పెట్టు బాపు. పడ్తయి."

పెట్టాడు. పట్టాయి. ఆయన పట్టించుకోలేదు, నేను ఊరుకోలేదు. "ఇప్పుడు ఆమె చెప్పిందే లెక్క, అన్నా. మా పాఠం అదే."

"గిదా?" అని నవ్వాడు. నవ్వు ఆగాక కూతురి వంక కాసేపు చూశాడు.

"చూస్తం మేడం." అంతే.

జులై 14

రాలేదు.

జులై 15

వచ్చింది! మోచేతికి పసుపు రంగు అంటుకునే ఉంది.

యాభై ఒకటి ఇచ్చాను. చూడగానే "మొండిదే" అంది. కాదన్నాను. "మొండిదే టీచర్!" జవాబు నాలుక చివర ఉంది, చెప్పలేదు. గింజలు ముందు పోశాను. మూడేసి పేరుస్తూ పోయింది, బెంచీ చాలక నేల మీదికి దిగింది... పదిహేడు వరసలు. ఒక్కటీ మిగల్లేదు.

"మోసం జేసింది టీచర్ ఇది!" కోపం, మధ్యలో నవ్వు.

జులై 17

గుణిజాలు. శిరీష మళ్లీ తడబడింది. ఆరుకు గుణిజాలు అడిగితే 1, 2, 3, 6. తల బెంచీ మీద పెట్టేసింది — "నాకు రాదు టీచర్." ఈసారి మౌనికే, "వస్తది, ఉండు" అంది.

కారణాంకాలు ఒకచోట అయిపోతాయి. గుణిజాలు నడుస్తూనే పోతాయి. అయితే నడిపించే చూపాలి.

జులై 18

వరండా గచ్చు మీద సుద్దతో గళ్లు, లోపల వరసగా అంకెలు. మౌనిక రెండేసి గెంతింది, శిరీష మూడేసి. ఆరులో కలిశారు, పన్నెండులో కలిశారు. "పద్దెనిమిదిల గూడ కలుస్తం!" — గెంతకముందే చెప్పింది శిరీష. హెడ్మాస్టర్ చూశారు, గళ్లు తొక్కకుండా పక్కనుంచి వెళ్లిపోయారు.

జులై 19, శనివారం

బడి వదిలాక గేటు దగ్గర శిరీష వాళ్లమ్మ. లాడ్ బజార్‌లో గాజుల దుకాణంలో పనిచేస్తుందట, సేటును అడిగి వచ్చింది.

"బోనాలు అయినంక పిల్లను రంగులకే రమ్మంటుండు టీచర్ వాళ్ల బాపు. ఆర్డర్లు మస్తున్నయి. నేను లొల్లి పెట్టుకుంట, దానికి ఫికర్ లేదు. గానీ ఒక్కటి నిజం చెప్పుండ్రి. నా పిల్లకు నిజంగ లెక్కలు వస్తయా? నా మనసుకు మంచిగుంటదని అంటున్నరా?"

వస్తాయి, అన్నాను. వెంటనే. ఆమె నా మొహంలోకి చూసింది, తలూపింది, బజారు జనంలో కలిసిపోయింది.

అనేశాను. క.సా.గు. ముందుంది, భిన్నాలు ముందున్నాయి. నా మాట నమ్మి ఆమె ఇంట్లో కొట్లాటకు దిగుతుంది.

రేపు బోనాలు. సోమవారం సెలవు. మంగళవారం మూడో పీరియడ్ క.సా.గు. శిరీష వస్తే...