ముందు చక్రాల మొండితనం

మఠంపల్లి,
సోమవారం

సూర్యాపేటలో బండ్ల షెడ్డు నడిపే నా పాత దోస్తు మత్తయ్యకు బిక్షం రాయునది.

నేను క్షేమం, మీ వదిన రేణుక క్షేమం, గొర్రెలు క్షేమం. నువ్వు బాగుచేసి పంపిన బండి మాత్రం బురదలో ఉంది.

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకు. గొర్రెలను అదిలించీ అదిలించీ నా గొంతులో కాయ కాసిందట. మిర్యాలగూడ దవాఖానలో దాన్ని తీసేశారు. "నోరు తెరిచినవా, గొంతు ఖతం" అన్నాడు డాక్టర్. ఫోన్లో టైపు చేద్దామంటే నా బొటనవేలు ఒక్కసారే మూడు అక్షరాలు నొక్కుతుంది. అందుకే సూర్యాపేట బస్సు కండక్టర్ చేతికి ఈ కాగితం ఇస్తున్నాను.

సంగతేమిటంటే, నాలుగు చక్రాలూ గట్టిగా లాగేటట్టు చేసిచ్చావు గదా. "ఇగ ఏ బురదైనా నీకు తారు రోడ్డే అన్నా" అన్నావు గదా. వచ్చేటప్పుడు పెద్దగట్టు లింగమంతుల స్వామి దగ్గర ఆపి, రేణుక అన్ని చక్రాలకూ పసుపు పూసి, నడిమధ్య నిలువు బొట్లు పెట్టి, నిమ్మకాయలు తొక్కించింది. ఇంత చేస్తే మొదటి వానకే మంద దగ్గరికి పోయే నల్లరేగడి బాటలో దిగబడింది. వెనక చక్రాలు బురద చిమ్ముతుంటే, ముందు చక్రాలు కొత్తల్లుళ్ళలాగా కదలకుండా కూర్చున్నాయి.

దాణా బస్తాలు రేణుకే నెత్తిన మోసింది. తిరిగొచ్చి, కోదాడలో పాత బండ్లు కొనే హీరాలాల్‌కు ఫోన్ చేసింది. ఆదివారం వస్తాడట. ఇన్నేళ్ళుగా పొద్దున లేస్తే దాని స్టీరింగే పట్టుకున్నాను. అది పోతే ఈ చేతులకు ఏం పని చెప్పాలో నాకు తెలియదు తమ్మీ. ఏదో ఒక దారి చూపించు.

గొంతు లేని నీ
బిక్షం

తా.క.: నోరు మూసుకున్నాక తెలిసింది, మా ఇంట్లో ఇన్నాళ్ళూ మాట్లాడింది నేను కాదని.

---

సూర్యాపేట,
మంగళవారం

బిక్షమన్నకు మత్తయ్య వందనాలు.

నీ గొంతు కోసం ప్రార్థన చేశాను. నీ ఉత్తరం చదివాక నా కోపం తగ్గాలని ఇంకొకటి చేసుకున్నాను.

మళ్ళీ చెబుతున్నాను, విను. నీ బండికి మొదట ఉన్న హబ్బులు, అంటే ముందు చక్రాలను ఇరుసుకు పట్టించే మూతలు, గాలి పైపు మీద వాటంతటవే పట్టుకునే రకం. పైపులోకి బురద నీళ్ళు పోతే పట్టు వదిలేస్తాయి. అందుకే వాటిని పీకేసి చేత్తో తిప్పే ఇనుప హబ్బులు వేశాను. ఇరుసులు కూడా లావువి వేశాను. ఇక బురద వల్ల వదిలేయడమంటూ ఉండదు. కానీ నువ్వు కిందికి దిగాలి. ముందు చక్రాల మధ్యలో ఒక్కో బిళ్ళ ఉంటుంది. దాన్ని పావు చుట్టు తిప్పితేనే చక్రం ఇరుసును పట్టుకుంటుంది. రెండు పక్కలా తిప్పి, ఆ తర్వాత లోపల ముందు చక్రాలకు బలమిచ్చే లివర్ వెయ్యాలి.

తిప్పినవా? నిజం చెప్పు.

నీ
మత్తయ్య

తా.క.: మా అత్తగారి ఊరు వేములపల్లిలో వరిమడిలో నడిపి చూశాకే నీకు అప్పగించాను. నారు తొక్కానని అప్పటినుంచి మా అత్త నాతో మాట్లాడటం లేదు. ఆమెకూ గొంతు ఆపరేషన్ అయిందనుకుని హాయిగా ఉన్నాను.

---

మఠంపల్లి,
గురువారం

తమ్మీ మత్తయ్యా,

తిప్పాను. గొర్రెల మీద ఒట్టు. రెండు పక్కలా తిప్పాను. నిన్న ట్రాక్టరుతో బండిని ఇంటికి లాగించాను. పొద్దున హడావిడిలో వంగాలంటే నా నడుము ఒప్పుకోదు కాబట్టి, ముందురోజు సాయంత్రమే తిప్పి పెట్టుకున్నాను. పొద్దున రేణుక ఎప్పటిలాగే బండి కడిగి, బొట్లు సరిచేసి, దండం పెట్టుకుంది. అమ్ముతానంటూనే ఎంత భక్తిగా చూస్తుందో. నేను దాణా వేసుకుని, లివర్ వేసి బయలుదేరాను. అదే బాట, అదే చోటు, అదే దిగబడుడు, మళ్ళీ అదే ట్రాక్టరు.

రేణుక మళ్ళీ బస్తాలు ఎత్తుకుంది. ఈసారి నా చేతిలోది కూడా లాక్కుంది. తిట్టినా బాగుండేది.

ఒక మాట అడుగుతాను, వేరేగా అనుకోకు. నువ్వు వేసింది నకిలీ సరుకు కాదు గదా?

నీ
బిక్షం

తా.క.: ఇంకో అనుమానం కూడా ఉంది. మా పొట్టేలు వచ్చి ముందు చక్రానికి కొమ్ములు రుద్దుతుంటుంది. అదే తిప్పుతుందేమోనని దాన్ని గట్టిగా నిలదీద్దామనుకున్నాను. గొంతు లేదు. అది నన్నే జాలిగా చూసింది.

---

సూర్యాపేట,
శుక్రవారం

మహారాజశ్రీ బిక్షంగారికి,

అన్నా అని రాయబుద్ధి కాలేదు. ఒకే లారీ మీద క్లీనర్లుగా చేసినవాళ్ళం, ఒకే దుప్పటి కప్పుకున్నవాళ్ళం. నకిలీ అన్నావు. అన్నం సయించలేదు.

ఆదివారం హీరాలాల్ కళ్ళముందే బిళ్ళలు తిప్పండి. సాయంత్రం తిప్పడాలు వద్దు. అప్పటికప్పుడు తిప్పి, లివర్ వేసి, దాణా నింపుకుని అదే బాటలోకి దించండి. అప్పుడూ లాగకపోతే బండి అమ్ముకోండి. నేను నా షెడ్డు బోర్డు దించుకుంటాను.

ఇట్లు,
కొత్తగా పరిచయమైన
మత్తయ్య

తా.క.: పొట్టేలుకు నా తరఫున క్షమాపణ చెప్పండి.

---

మఠంపల్లి,
సోమవారం

నా తోడబుట్టినవాడికంటే ఎక్కువైన మత్తయ్యకు,

గెలిచాం తమ్మీ! బోర్డు దించకు, ఇంకా పెద్దది రాయించు.

నిన్న హీరాలాల్ తళతళలాడే కొత్త కారులో దిగాడు. "ఏమండీ బిక్షంగారూ, మొహమాటం లేకుండా ఇచ్చేయండి, ఇనుము రేటు బాగుంది" అన్నాడు. ఇనుమట! దాణా నింపి, అతని కళ్ళముందే రెండు బిళ్ళలూ తిప్పి, ఎక్కి కూర్చున్నాను.

అప్పుడు రేణుక కుంకుమ పళ్ళెంతో బయటికొచ్చింది. ఇక బండి పోతుందని కళ్ళనిండా నీళ్ళు. ముందు చక్రం దగ్గర వంగి, "అయ్యో, మళ్ళ అడ్డం పడ్డదా" అని ఆ బిళ్ళను పట్టుకుని, బొట్టు నిలువుగా వచ్చేదాకా తిప్పింది!

నాకు లోకం ఆగిపోయింది. నేను తిప్పితే బొట్టు అడ్డమవుతుంది. ఆమె రోజూ పొద్దున దాన్ని నిలబెడుతుంది. దిగి చేతులు ఊపాను. బండి మీది ప్రేమకొద్దీ ఏడుస్తున్నాననుకుని, నా భుజం తట్టి రెండో చక్రం దగ్గరికి పోయింది. ఇక నావల్ల కాలేదు.

"తిప్పకే రేణుకా!"

ఆపరేషన్ తర్వాత నా మొదటి మాట అది. మంద దగ్గర గొర్రెలన్నీ తలలెత్తాయట. కారు వెనక్కి తిప్పుకుంటున్న హీరాలాల్ ఉలిక్కిపడి సీదా బురదలోకి దింపేశాడు.

మొదటి బిళ్ళ మళ్ళీ తిప్పి, లివర్ వేశాను. ఏం చెప్పమంటావు! ముందు చక్రాలు నేలను పట్టి లాగుతుంటే నా ఒళ్ళు పులకరించింది. దాణా దించి, తిరిగొచ్చేటప్పుడు హీరాలాల్ కారుకు తాడు కట్టి ఒడ్డుకు లాగిపడేశాను. ఊరంతా ఈలలు.

రేణుక నడుము మీద చేయి పెట్టుకుని, "గిన్ని దినాల సంది నాతోని నేనే బస్తాలు మోపిచ్చుకున్ననా?" అన్నది. కాసేపు తనలో తనే నవ్వుకుని, హీరాలాల్ వైపు తిరిగి, "ఇగ అమ్ముడు లేదు, గిమ్ముడు లేదు. చాయ తాగి పోర్రి" అన్నది.

నకిలీ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నన్ను మళ్ళీ అన్నా అని పిలువు.

నీ
బిక్షం

తా.క.: ఇప్పుడు బిళ్ళ తిప్పాకే నిలువు బొట్టు పెడుతుంది. మరి తారు రోడ్డెక్కినప్పుడు బిళ్ళ వెనక్కి తిప్పితే అడ్డమవుతుంది గదా అని రాసి చూపిస్తే, "రోడ్డు మీద సామి పండుకుంటడు, బురదల లేసి నిలబడతడు" అన్నది.

---

సూర్యాపేట,
శనివారం

అన్నా! బిక్షమన్నా!

నీ ఉత్తరం షెడ్డులో గట్టిగా చదివి వినిపించాను. మూడోసారి చదువుతుండగా బయట హారన్ మోగింది. ఎవరనుకున్నావు? హీరాలాల్! ఇనుము కింద కొన్న, నాలుగు చక్రాలూ లాగే రకం పాత బండిని లాక్కొచ్చాడు. "బిక్షంగారి బండికి చేసిందే దీనికీ చేయండి. ఆ బొట్టు కూడా పెట్టించండి, అది లేకపోతే లాగదంట" అన్నాడు.

లాగేది బొట్టు కాదని ఎంత చెప్పినా వినలేదు. అయినా, బొట్టు నిలువుగా ఉందో అడ్డంగా ఉందో చూస్తే హబ్బు పట్టిందో లేదో అంత దూరం నుంచే తెలుస్తుంది, మంచిదే గదా. పసుపు, కుంకుమ తెప్పించి నేనే పెట్టాను. అంతలో మా పాస్టర్‌గారు వచ్చి, "మత్తయ్యా, ఏమిటిది?" అన్నారు. "ఇంజనీరింగ్ అయ్యగారూ" అన్నాను. ఆయన వంగి, బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూసి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున చర్చి జీపు నా షెడ్డు ముందుంది. దానికి తెల్ల రంగుతో గీత పెట్టాను, నిలువుగా.

గర్వంగా, మళ్ళీ నీ తమ్ముడు
మత్తయ్య

తా.క.: నువ్వు అరిచినందుకు డాక్టర్ ఇంకో నెల మాట్లాడొద్దన్నాడట గదా. రేణుక వదిన ఫోన్ చేసింది. "తమ్మీ, గా తిప్పుడు బిళ్ళ మనుషుల గొంతుకు గిట్ల పెడతవా?" అని అడిగింది. సైజు కనుక్కుంటున్నాను.