ఐదు–ఏడు–నాలుగు

11 ఫిబ్రవరి 2024

హైదరాబాద్‌లో ఏదో యూనివర్సిటీ నుంచి మధులత మేడమ్ వచ్చింది. సికిల్ సెల్ అని రక్తంలో ఒక జబ్బు, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగుతుందట. దాని మీద రీసెర్చ్, అందరి రక్తం తీసి చూస్తారట. మా గూడెంలో కోయా, తెలుగూ, కాస్త ఇంగ్లీషూ తెలిసినవాణ్ణి నేనే. బడికి పోలేదు. ఫారెస్టు లారీల పర్మిట్లు చూసి అక్షరాలు దిద్దుకున్నాను. నా తెలుగు కలప వాసన కొడుతుందని మా ఆవిడ బతికున్నన్నాళ్ళూ వెక్కిరించేది.

కన్సెంట్ ఫారం చదివి వినిపించాను. పేర్లు బయటికి రావట. ఎప్పుడు వద్దన్నా మన వివరాలు తీసేస్తారట. మరి నెత్తురు గుడ మల్ల లోపల పోస్తరా అని పక్కింటి జంపక్క అడిగింది. అందరం నవ్వాం. మేడమ్ కూడా. నవ్వుల మీదే వేలిముద్రలు వేయించేశాను.

12 ఫిబ్రవరి

పేర్ల బదులు నెంబర్లు వేయాలట. ఏవైనా పర్లేదు పెద్దాయనా, మీ ఇష్టం అంది మేడమ్.

ఏవో అంకెలు వేస్తే నా చెయ్యి ఊరుకుంటుందా? ముప్పయ్యేళ్ళు ఫారెస్టు వాచరుగా టేకుచెట్లకు నెంబర్లు కొట్టాను. నెంబరు పడ్డ చెట్టు ఏడాది దాటి నిలబడలేదు. ఒకసారి పొరపాటున రేంజరుగారి బంగళా ముందు చెట్టుకీ కొట్టాను. ఆయన సెలవు నుంచి వచ్చేసరికి కూలీలు నరికి పట్టుకుపోయారు. ఆ వేసవంతా ఎండలో కూర్చుని నన్ను తిట్టాడు. సరే, అదంతా ఎందుకు.

ముందు గట్టు, తర్వాత ఇల్లు, తర్వాత ఇంట్లో పెద్ద నుంచి చిన్న వరకు వరస. మా కోయవాళ్ళలో గట్టంటే వంశం. మూడో గట్టు, నాలుగో గట్టు అని అంకెలతోనే పిలుచుకుంటాం. ఒకే గట్టులో పెళ్ళి చేసుకోం. మాది ఐదో గట్టు, వరసలో ఏడో ఇల్లు. నేను ఒకటి, కొడుకు రెండు, కోడలు మూడు, మనవరాలు వనజ నాలుగు.

వెరీ సిస్టమాటిక్ అంది మేడమ్. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

9 డిసెంబరు

వనజకు సంబంధం కుదిరింది. వాగవతలి బొజ్జయ్య కొడుకు శివ. వేరే గట్టు. వాళ్ళు ఇప్పసారా తెచ్చారు, అందరం కలిసి తాగాం. తాగితే మాట అయిపోయినట్టే. శివ ఆటో నడుపుతాడు. ఆటో వెనక ‘వ’ అని ఎప్పుడో రాయించుకున్నాడట, దొంగ! వనజ కొంగులో మొహం దాచుకుని నవ్వుతూనే ఉంది.

3 మార్చి 2025

మేడమ్ పీడీఎఫ్ పంపింది. రీసెర్చ్ అచ్చయింది. మాటంటే మాటే, ఎవరి పేరూ లేదు. నా పేరొక్కటే ఉంది, థాంక్స్ చెప్పే చోట, ఇంటిపేరుతో సహా. వాట్సాప్‌లో తెలిసినవాళ్ళందరికీ పంపాను. బొజ్జయ్యకు రెండుసార్లు.

4 మార్చి

ఎవరూ మెచ్చుకోలేదు. సిగ్నల్ లేదేమో.

7 మార్చి

బొజ్జయ్య సారా సీసాలు తెచ్చి గడప ముందు పెట్టాడు. సంబంధం వద్దనుకుంటే అలా పెడతారు. నాకు వరసకు అల్లుడే, కూర్చో అల్లుడా అంటే కూర్చోలేదు.

నీ పేరు సూడమంటివి, ఎనకటి పేజీ గుడ సూసినం మామా అన్నాడు. ఐదు ఏడు నాలుగంటే ఎవలో మాకెర్క లేదా? పక్కన క్యారియర్ అని అచ్చు గుద్దిండ్రు, గింత మోసమేంది అన్నాడు.

క్యారియర్ అంటే జబ్బు కాదని, ఆలుమగలిద్దరికీ ఉంటేనే పుట్టే పిల్లలకు ప్రమాదమని మేడమ్ చెప్పిందంతా అప్పజెప్పాను. శివకు కూడా టెస్టు చేయిద్దామన్నాను. మా పోరనికి నెంబరే లేకపాయె, వానికేం రోగం అన్నాడు.

వనజ తలుపు వెనకాలే ఉంది. అది అతనికి తెలుసు. పోతూ పోతూ గొంతు పెంచి, ఐదో గట్టు పిల్లను ఇగ మా దిక్కు కుక్క గుడ అడగది అన్నాడు.

10 మార్చి

వనజ తినడం లేదు. మేడమ్‌కు ఫోన్ చేశాను. ఎప్పుడు వద్దన్నా తీసేస్తామన్నారు, ఐదు–ఏడు–నాలుగు తీసేయండమ్మా అన్నాను. వాళ్ళ యూనివర్సిటీ కమిటీకి ఈమెయిల్ పెట్టాలట. కాగితం మీద వనజ చేత వేలిముద్ర వేయించి, ఫోటో తీసి పంపాను. సంతకం వచ్చు దానికి. పెన్ను ఇస్తే తీసుకోలేదు.

2 ఏప్రిల్

ఎథిక్స్ కమిటీ జవాబు. మా బాధ వాళ్ళకు అర్థమైందట. కానీ పేర్లనూ నెంబర్లనూ కలిపే కాగితం మా రక్షణ కోసమే చింపేశారట. ఐదు–ఏడు–నాలుగు వనజే అని తెలుసుకునే దారి వాళ్ళకు లేదట.

దమ్మపేట బస్టాండులో చాయ్ పోసేవాడికి తెలుసు.

20 ఏప్రిల్

శివ ఆటో ఎదురొచ్చింది. ఆపలేదు. వెనక ‘వ’ మీద ఎవరో సినిమా హీరో స్టిక్కర్ అంటించుకున్నాడు.

6 మే

వనజ ఇవాళ మాట్లాడింది. నా ఫోన్ తీసుకుని, ఆ పీడీఎఫ్‌లో పట్టిక మీద వేలు జరుపుతూ చదివింది. ఐదు ఏడు రెండు, నాయిన. మూడు, అమ్మ. నాలుగు, నేను. ఐదు ఏడు ఒకటి ఏది తాతా అని అడిగింది.

నేను రక్తం ఇవ్వలేదు. సూదంటే నాకు భయం.