నెమలికంఠం చదరం

గిరింపేట, చిత్తూరు.
వైకాసి నెల, శుక్రవారం కాని ఒక రోజు.

చి.ల.సౌ. లోకేశ్వరికి,

నీ భర్త ధనశేఖర్ శుభం కోరుతూ తెలియజేసుకొనే సంగతులు. ఇక్కడ నేను, అమ్మ, తిరుపతి హాస్టలులో మన ధరణి క్షేమంగా ఉన్నాం. అక్కడ కువైట్‌లో నువ్వు, నువ్వు వండిపెట్టే మేడమ్ కుటుంబం, ఆవిడ రెండు పిల్లులు క్షేమమని తలుస్తాను. పిల్లుల క్షేమం మరవకుండా అడగమని అమ్మ ఆజ్ఞ. వాటికి నీకంటే ముందు భోజనం వడ్డిస్తారని విన్నప్పటి నుంచి ఆమె వాటి ఆరోగ్యంపై ప్రత్యేక శ్రద్ధ వహిస్తున్నది.

ఈ ఉత్తరాన్ని హరినాథ్ చేతికి ఇస్తున్నాను. మీ వీధిలోనే కారు నడిపే మనవాడు సెలవు ముగించుకొని తిరిగి వస్తున్నాడు. శుక్రవారం ఫోనులో మాట్లాడేటప్పుడు మేడమ్ నీ పక్కనే కూర్చుంటుంది. ఆవిడకు మన భాష రాకపోయినా మన ముఖాలు చదవడం వచ్చు. కనుక ముఖం చూపించి చెప్పలేని సంగతులకు కాగితమే గతి.

“నోటీసు మాదిరి రాయద్దయ్యా, మనిషి మాదిరి రాయి” అని పోయిన ఉత్తరంలో మందలించావు. ప్రయత్నించాను. తాలూకాఫీసు గోడకు ఆనుకొని ఇన్నేళ్ళు కుట్టుమిషను తొక్కినవానికి, లోపలి నుంచి కిటికీ గుండా వచ్చిన భాష ఒంటికి పట్టింది. ఉతికినా పోవడం లేదు. సహించగలవు.

నీ ప్రశ్నలకు జవాబులు వరుసగా మనవి చేసుకుంటాను. ఒక్కటి మాత్రం చివరకు ఉంచాను. మేడమ్ ఇంకో రెండేళ్ళకు కాగితం సిద్ధం చేసిందని, నెలాఖరులోపల సంతకం పెట్టాలో మానాలో తేల్చమన్నదని రాశావు. “నీ ఇష్టం” అని ఫోనులో వారం వారం చెబుతూ వచ్చాను. ఆ జవాబులో జవాబు లేదని నీకూ తెలుసు, నాకూ తెలుసు.

ధరణి నర్సింగ్ ఆఖరి పరీక్షలు రాసింది. ఏ చదువు కోసం నువ్వు విమానమెక్కావో ఆ చదువు పూర్తయింది. బిడ్డ చిక్కిందని నీ అనుమానం. చిక్కలేదు, పొడుగైంది. అమ్మ మోకాళ్ళ గురించి అడిగావు. నొప్పి కుడికాలిలో ఉందా ఎడమకాలిలో ఉందా అన్నది ఆ రోజు ఆమెకు ఏ పని చెప్పామనే దానిపై ఆధారపడి ఉన్నది.

ఇక బొంత. “ఈడ ఏసీ గదిలో నెలలన్నీ ఒకే రంగబ్బా. ఆడి నెల ఏదో, తై నెల ఏదో తెలీలేదు. నీ మిషను కింద పడే గుడ్డ ముక్కల్తో నెలకొక రంగు చదరం కుట్టిపెట్టు. వచ్చి సూసుకుంటా” అని పోయిన జూన్‌లో నువ్వే పురమాయించావు. దర్జీ మిషను కింద ఊరి పంచాంగం పడుతుందని నీకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. జూన్‌లో బడి యూనిఫారం నీలం పడింది. ఆడి కృత్తికకు కావళ్ళవాళ్ళ పసుపు, చవితికి వినాయకుని పందిరి కుర్రవాళ్ళ చిలకపచ్చ, కార్తీకంలో అయ్యప్ప నలుపు, మార్గళిలో అమ్మతో పాటు ఓంశక్తి మాల వేసే ఆడవాళ్ళ ఎరుపు పడ్డాయి. నెలకొక చదరం, నీ ఉత్తర్వు ప్రకారమే జరిగింది.

అయితే ఏ చదరం బొంతలో ఏ చోట ఉండవలెనన్న విషయమై మన వసారాలో వివాదం తలెత్తింది. చొక్కాకు గుండీ వేయించుకోవడానికి వచ్చిన వరదయ్య గురుస్వామి, నేల మీద పరచిన చదరాలను చూసి, వేసిన అడుగు వెనక్కు తీసుకున్నాడు.

“ఏంది సామీ ఇది? మాలగుడ్డ నలుపు. దీని మింద కాళ్ళు సాపుకొని పండుకుంటారా?”

“కట్టిన గుడ్డ కాదు గురుస్వామీ, కత్తిరించగా మిగిలిన ముక్క,” అని విన్నవించాను.

“మిగిలినా సామిదే గదా. తలపక్కకి మార్చు.”

అమ్మ వక్క నములుతూ వింటున్నది. “తలపక్క మా యమ్మోరి ఎరుపు ఉండాది. దాన్ని దించి నీ నలుపు ఎక్కించేదానికి నువ్వెవురబ్బా?”

“దించమనలేదు మునిరత్నమ్మా. పక్కన పెట్టమంటా ఉండా.”

“పక్కనంటే యా పక్క? కుడిపక్క మావాడు పండుకుంటాడు, ఎడమపక్క కోడలు. వానికి నీ సామి, కోడలికి మా యమ్మోరు. అట్లయితే సరే.”

ఒడంబడిక కుదిరింది. పసుపు సుబ్రహ్మణ్యునిది గనుక నడుముకు పైన, చిలకపచ్చ వినాయకునిది గనుక పొట్టకు దగ్గర అని తీర్మానించారు. బడి నీలం సదువులతల్లిది గనుక అదీ కాళ్ళకు తగలరాదన్నారు. చివరకు కాళ్ళవైపు పరచడానికి దేవుడు లేని రంగు ఒక్కటీ దొరకక, మనిషి మోకాళ్ళ దాకానే కప్పుకోవలసిన పరిస్థితి ఏర్పడింది. అప్పుడు ఐప్పసి నెల తెల్ల చదరం గురుస్వామి కంటపడింది.

“ఇది యా సామిది?”

“వార్డు ఎలక్షన్లో నిలబడినోళ్ళ మనుషులు కుట్టించుకున్న చొక్కాలది,” అన్నాను.

“అయితే కాళ్ళకి పెట్టు. మెత్తగా ఉంటాది,” అన్నాడు గురుస్వామి.

అమ్మ కూడా అభ్యంతరం లేదన్నది. వాదన లేకుండా వారిద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదలు.

నీ తరువాతి ప్రశ్న: “తై నెల కాడి నుంచి చదరాలు మెత్తగా, మెరస్తా ఉండాయే. ఆ నెమలికంఠం ఎవురిది? ఆ జరీ యాడో సూసినట్టుంది.” అది కోర్టు గుమాస్తాగారి భార్య రవికె ముక్క అని ఫోనులో చెప్పాను. అటువంటి గుమాస్తా లేడు. ఉన్నా ఆయన భార్య నా దగ్గర కుట్టించుకోదు.

ఆ నెమలికంఠం నీది. ధరణికి చెవులు కుట్టించిన రోజు కట్టుకున్న చీర. మాసి నెల వంకాయరంగు నీది. పంగుని నెల తేనెరంగు నీది. చిత్తిరై నెల గులాబీ కూడా నీదే.

కారణం నివేదించుకుంటాను. సంక్రాంతికి ముందు, మార్గళి చివరలో మన దుకాణం గది యజమాని ఆ గదుల వరుస మొత్తం పడగొట్టి కాంప్లెక్స్ కట్టదలచినట్లు వకీలు ద్వారా నోటీసు పంపాడు. చదివాను. నేను రాసే భాషే. ఒక్క తప్పు కూడా లేదు. వేరే గది చూడవచ్చు కదా అని నువ్వు అడుగుతావు. చూడలేదు. యూనిఫారాలు బడివాళ్ళే కుట్టినవి తెప్పించి ఇస్తున్నారు. నల్ల చొక్కాలు, ఎర్ర చీరలు రోడ్డు పక్కన తాళ్ళకు వేలాడుతున్నాయి. పోయిన కార్తీకంలో పడిన నలుపు ఒక చదరానికి సరిపోవడమే కష్టమైంది. నాలుగు ముక్కలు గురుస్వామి చొక్కావే.

తై నెల నుంచి నేను ఒక రెడీమేడ్ దుకాణంలో చొక్కాలు మడతపెడుతున్నాను. కొనదలచినవారు విప్పి చూస్తారు, నేను మడతపెడతాను. కొనదలచనివారు కూడా విప్పి చూస్తారు. అక్కడ గుడ్డ కత్తిరించే పని లేదు గనుక ముక్కలు పడవు. చదరం ఆగిపోతే నీకు అనుమానం వస్తుందని బీరువా తెరిచాను. మొదటి చీర మీద కత్తెర పెట్టడానికి చాలాసేపు పట్టింది. నాలుగో చీరకు అంతసేపు పట్టలేదు. నన్ను భయపెట్టింది అదే.

శుక్రవారం ఫోనులో మిషను చప్పుడు విని, “పని బాగా ఉన్నట్టుందే” అని నువ్వు సంతోషపడేదానివి. మన దుకాణంలో ఉన్నానని నేను చెప్పిన ఆ సమయంలో ఉన్నది మన పడకగదిలో. వెనుక గోడ కనబడకుండా ఫోను ముఖానికి దగ్గరగా పట్టుకునేవాణ్ణి. మిషను తొక్కినది అమ్మ. దారం లేదు, గుడ్డ లేదు. పోయిన వారం ఫోను పెట్టేశాక ఆమె కాలు తీసి, “ఒరే, మాల ఏసినదాన్ని నేను. ఈ అబద్ధం నాతో తొక్కించద్దు. మోకాళ్ళకి కాదురా నొప్పి” అన్నది. ఈ ఉత్తరానికి ప్రేరణ ఆ మాట.

ఎందుకు దాచానంటే, దుకాణం లేదని తెలిసిన మరుక్షణం నువ్వు సంతకం పెడతావు. నీ తీరు నాకు తెలుసు. ఇంటికి ఏది తక్కువైతే అది నీ రెక్కలతో పూడ్చడమే నీకు తెలిసిన లెక్క. ఇప్పుడు కూడా ఈ పేజీ చదివి కలం వెతుక్కుంటున్నావేమో. దాచి ఉంచితే నువ్వు రావచ్చు. వచ్చి పడగొట్టిన గోడ ముందు నిలబడి, నన్ను చూస్తావు. ఆ చూపు నేను భరించలేను. అందుచేత చెప్పి అడుగుతున్నాను.

దుకాణం లేదు. కుట్టుపని మళ్ళీ వస్తుందన్న హామీ నేను ఇవ్వలేను. మడతపెట్టే పనిలో అమ్మతో కలిపి ముగ్గురం తినగలం, అంతకంటే ఎక్కువ చేయలేం. ధరణి తన కాళ్ళ మీద తాను నిలబడుతుంది. రాత్రి పడుకునేటప్పుడు నీ వైపు నుంచి ఎవరూ దుప్పటి లాగడం లేదు. ఈ రెండేళ్ళలో నాకు పూర్తిగా చలి తెలియకుండా పోయింది. అది సుఖమని మొదట్లో అనుకున్నాను.

వైకాసి చదరం ఇంకా కుట్టలేదు. నువ్వు వదిలివెళ్ళిన వాటిలో ఒక్క చీర మిగిలింది. కనకాంబరం రంగుది. కత్తెర పట్టుకొని దానిని బయటకు తీశాను, మళ్ళీ మడతపెట్టి లోపల పెట్టాను. అది కూడా కోస్తే, నువ్వు దిగివచ్చిన రోజు స్నానం చేసి కట్టుకోవడానికి ఈ ఇంట్లో నీదంటూ గుడ్డ ఉండదు.

సంతకం పెట్టవద్దు, లోకేశ్వరీ. ఇది ఉత్తర్వు కాదు. ఉత్తర్వు ఇచ్చే అర్హత నాకు లేదు. ఈడికి వచ్చెయ్ అని అడుక్కుంటా ఉండా, అంతే.

ఇట్లు,
బీరువాకు తాళం వేసి, తాళంచెవి అమ్మ కొంగుకు కట్టించిన
నీ భర్త,
ధనశేఖర్