ముట్టుకోని పెన్‌డ్రైవ్

మార్చి 3, సోమవారం

అక్కతో మళ్ళీ గొడవ. అక్కంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. మా మొగుళ్ళిద్దరూ అన్నదమ్ములు, మేమిద్దరం కలిసి కంప్యూటర్ రిపేరు షాపు నడుపుతున్నాం. ఆ అన్నదమ్ములకి కంప్యూటర్ ఆన్ చెయ్యడం తప్ప ఇంకేం రాదు, అది వేరే సంగతి.

గొడవ పెన్‌డ్రైవ్ గురించి. లోపలి విండోస్ చచ్చిపోయిన మిషన్ వస్తే బయటినుంచి బూట్ చెయ్యాలి కదా. ఇన్నాళ్ళూ ఎవరి దాంతో వాళ్ళం లాక్కొచ్చాం. ఇక షాపు మొత్తానికి ఒక్కటే ఉండాలంటుంది. నెట్‌లో రెడీమేడ్‌గా దొరికేది వద్దని ఇద్దరం ఒప్పుకున్నాం. అందులో రెండొందల టూల్స్ ఉంటాయి, సగం ఎవడు ఎక్కించాడో దేవుడికే తెలియాలి. మిగిలినవి ఆవిడదీ నాదీ.

ఆవిడది సొంతంగా కట్టుకున్న చిన్న పీఈ. పీఈ అంటే పెన్‌డ్రైవ్ నుంచే లేచే బుల్లి విండోస్, మొత్తం ర్యామ్‌లోనే నడుస్తుంది. వాల్‌పేపర్ కూడా లేదు. మనం చెప్పేదాకా కస్టమర్ డిస్కుని ముట్టుకోదట. నాది జేబులో పట్టే ఎస్‌ఎస్‌డీ డిస్కు మీద పూర్తి విండోస్. వైఫై, ప్రింటరు, బ్రౌజరు, నా బుక్‌మార్కులు, అన్నీ. నీది అద్దెకిచ్చే ఖాళీ గదిలా ఉందక్కా అన్నాను. ఖాళీగా ఉంటే కాళ్ళకి ఏమీ అడ్డం రావు అంది. ఒళ్ళు మండిపోయింది.

ఆదివారంలోగా తేల్చాలట. సరే, తేల్చుకుందాం.

మార్చి 5, బుధవారం

టైమ్ పెట్టి చూశాను. ఒకే లాప్‌టాప్, ఒకే పని, వైరస్ పట్టిన మిషన్లోంచి ఫొటోలు తియ్యడం. నాది పదకొండు నిమిషాలు, ఆవిడది పంతొమ్మిది. కాగితం మీద పెద్దక్షరాలతో రాసి ఆవిడ బెంచీ మీద పెట్టాను. చదివి, దాని మీద టీ గ్లాసు పెట్టుకుంది.

ఇక్కడ ఎవరూ చూడరు కాబట్టి ఒకటి రాసుకుంటాను. నా ఎస్‌ఎస్‌డీలో కూడా కస్టమర్ మిషన్ లోపలి డిస్కుల్ని దాచి ఉంచే సెట్టింగ్ ఉండేది. నిరుడు నేనే తీసేశాను. ప్రతిసారీ వెళ్ళి డిస్కుని ఆన్‌లైన్ చేసుకోవాలంటే, అంటే కనపడేలా పెట్టుకోవాలంటే, విసుగు. ఆ పంతొమ్మిదికీ పదకొండుకీ తేడాలో సగం అదే. అక్క అడగలేదు, నేను చెప్పలేదు.

మార్చి 6, గురువారం, ఉదయం 11:20

కాళ్ళ డాక్టరు వచ్చాడు. నిజానికి డాక్టరు కాదు, కృత్రిమ కాళ్ళు తయారు చేస్తాడు, మేం పెట్టుకున్న పేరది. ఆయన క్లినిక్‌లో ఏడు మిషన్లూ మావే. లాప్‌టాప్ రెండు రోజులుగా మొదలవడం లేదట. చెవి దగ్గర పెట్టుకుంటే డిస్కు టిక్కుటిక్కుమంటోంది. పాత హార్డ్‌డిస్కు.

అందులో నలభై రెండు మంది కాళ్ళ స్కాన్లున్నాయి. ఇంకో కాపీ ఉందా అంటే నేల చూపులు చూశాడు. అందరూ ఇంతే! ఒకావిడ స్కాన్ మాత్రం ఎలాగైనా కావాలన్నాడు. బస్సు కండక్టరమ్మ. కొత్త కాలు పెట్టుకుని ఇరవై ఒకటో తారీఖున డిపోలో ఫిట్‌నెస్ టెస్టుకి నిలబడాలి. ఒకసారి వాయిదా అడిగేసింది, ఈసారి వెళ్ళకపోతే ఉద్యోగం వేరేవాళ్ళకి. మళ్ళీ స్కాన్ చేద్దామంటే స్కానర్ ఆయన సొంతం కాదు, క్లినిక్కుల మధ్య తిరుగుతుంది, ఇరవై నాలుగు దాకా రాదు.

మధ్యాహ్నంలోగా ఇస్తానన్నాను. అక్క బ్యాంకు పనిమీద వెళ్ళింది. ఆవిడ తిరిగొచ్చేసరికి పని అయిపోయి ఉండాలి, అది కూడా నా ఎస్‌ఎస్‌డీతో.

మధ్యాహ్నం 12:40

కొంప మునిగింది.

ఎస్‌ఎస్‌డీ పెట్టి బూట్ చేసి, ప్రింటరు ఇంకు అడుగుతూ ఎవరో వస్తే కౌంటర్ దగ్గరికి వెళ్ళాను. స్క్రీన్ మీద ఎనిమిది సెకన్ల పాటు వచ్చే ఉంటుంది, డిస్కు సరిచెయ్యబోతున్నా, వద్దంటే ఏదైనా కీ నొక్కండి అని. నొక్కడానికి నేనక్కడ లేను. తిరిగొచ్చి చూస్తే 31 శాతం. నా విండోస్ ఆయన డిస్కుని చూసింది, పాడైందనుకుంది, బాగుచెయ్యడానికి పూనుకుంది. చచ్చేదాన్ని లేపి పరిగెత్తించినట్టు. దాచి ఉంచే సెట్టింగ్ ఉంటే అసలా డిస్కు దానికి కనపడేదే కాదు.

మధ్యలో ఆపితే ప్రమాదం. ఆపకపోతేనూ ప్రమాదమే. నిలబడి చూశాను. 40. 52. 64 దగ్గర ఆగిపోయింది. టిక్కుటిక్కు కాస్తా కరకరగా మారింది. పవర్ బటన్ నొక్కి పట్టుకున్నాను.

సాయంత్రం 5:00

అక్క వచ్చి ఎలా ఉందంది. డిస్కు బాగా దెబ్బతింది అన్నాను. అబద్ధం కాదుగా.

మార్చి 7, శుక్రవారం

కాళ్ళ డాక్టరు ఫోన్ చేస్తే ఇంకా చూస్తున్నామన్నాను.

మార్చి 8, శనివారం

అక్క రాకముందే వచ్చి ఆవిడ పెన్‌డ్రైవ్ సొరుగులోంచి తీసుకున్నాను. దొంగలా. బూట్ అయింది. నల్లటి ఖాళీ తెర. ఆయన డిస్కు జాబితాలో ఉంది, ఆఫ్‌లైన్ అని పక్కన రాసి. దేన్నీ ముట్టుకోలేదు. నేను చెప్పేదాకా అలా కూర్చునే ఉంది. ఏడుపొచ్చింది, ఏం చెప్పను.

డిస్కు మొత్తం ఇంకో డిస్కులోకి ముక్కముక్కా కాపీ పెట్టాను. చదవలేనిచోట మొండికెయ్యకుండా ముందుకు వెళ్ళమన్నాను. మొదటి రోజే చెయ్యాల్సిన పని. రెండు రోజులు పడుతుందంటోంది.

అక్క వచ్చి తెర చూసింది, తన పెన్‌డ్రైవ్ చూసింది. వెళ్ళి తన బెంచీ దగ్గర కూర్చుంది. పోటీలో నేను ఓడిపోయాననుకుని ఉంటుంది. ఆవిడ అలా అనుకోవడమే నాకిప్పుడు నయం.

మార్చి 10, సోమవారం

ముప్పై ఎనిమిది స్కాన్లు శుభ్రంగా వచ్చాయి. మూడు పేర్లు పోయాయి కానీ తెరుచుకుంటున్నాయి.

నలభై రెండోది కండక్టరమ్మది. ఫైల్ ఉంది. తెరిస్తే తొడ వైపు నుంచి కిందికి నున్నగా వస్తుంది, వచ్చి, సగంలో తెగిపోయింది. కింద ఏమీ లేదు, బూడిదరంగు. ఆ తెగిన చోట ఉండాల్సిన ముక్క చదవలేక వదిలేసినవాటిలో లేదు, డిస్కు మీదే సున్నాలు రాసి ఉన్నాయి. డిస్కు దానంతటది సున్నాలు రాసుకోదు. రాసింది నా విండోస్.

పోయిపోయి ఈవిడదేనా?

మార్చి 11, మంగళవారం

అక్కకి చెప్పేశాను. సెట్టింగ్ సంగతీ, ఎనిమిది సెకన్లూ, 64 శాతం, అన్నీ. అరుస్తుందనుకున్నాను. అరిస్తే నేనూ అరిచేదాన్ని, సగం బరువు దిగేది. ఆవిడ స్క్రూడ్రైవర్ కింద పెట్టి, ఎప్పుడు తీసేశావా సెట్టింగ్ అని అడిగింది. నిరుడు అన్నాను. అయితే ఈ ఏడాదంతా ఎన్ని మిషన్లు అంది. రిపేర్ల పుస్తకం తీసి పేజీలు తిప్పాను.

ఇద్దరం కలిసి క్లినిక్‌కి వెళ్ళాం. కాళ్ళ డాక్టరు ఆ సగం స్కాన్‌ని తెర మీద అటూ ఇటూ తిప్పి చూశాడు. బరువంతా మోసేది కింది సగమేనట, అక్కడ రవ్వంత తేడా వచ్చినా పుండు పడుతుందట. ఊహించి చెయ్యనన్నాడు. కండక్టరమ్మకి ఫోన్ చెయ్యడానికి బయటికెళ్ళాడు. గాజు తలుపు అవతల ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టుకోవడం కనపడుతోంది.

వచ్చి చెప్పాడు. డిపోవాళ్ళు క్లినిక్ మాట నమ్మరట. ఈవిడే టెస్టు తప్పించుకుంటోందని ఇప్పటికే వాళ్ళ అనుమానం. స్కాన్ ఎవరి దగ్గర పోయిందో వాళ్ళే కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇస్తే చూస్తారట.

మార్చి 12, బుధవారం

రాశాను. 'డిస్కు పాతదై పాడైనందువల్ల' అని మొదలుపెట్టాను. తప్పేముంది? టిక్కుటిక్కుమన్న మాట నిజం. క్లినిక్ మనదగ్గరే ఉంటుంది, షాపు పరువూ ఉంటుంది.

షాపు ముద్ర అక్క దగ్గర ఉంటుంది. కాగితం చదివి, ముద్ర వెయ్యకుండా వెనక్కిచ్చింది. పాతది అయినందుకు పాడైతే అది తెచ్చినవాళ్ళ ఖర్మ అంటారు డిపోలో, ఆవిడకి ఒక్కరోజు కూడా ఇవ్వరు అంది. అక్కడితో ఆగకుండా, మన తప్పని రాస్తేనే ఆవిడ తప్పు కాదని తేలుతుంది అంది.

ఎంత కోపం వచ్చిందో! ఆవిడ మీద కాదు. ఆవిడ మీదే అనుకుని బజారు చివరిదాకా నడిచి వెళ్ళి, తిరిగొచ్చాను.

మళ్ళీ రాశాను. రిపేరుకి వచ్చిన లాప్‌టాప్‌ని నేను సరిగ్గా లేని సాధనంతో తెరిచాను, ముందు కాపీ తీసుకోలేదు, ఆపడానికున్న ఎనిమిది సెకన్లూ దగ్గర లేను, నా వల్ల స్కాన్ చెడిపోయింది, ఇందులో కండక్టరు గారి తప్పు లేదు. నాలుగు వరుసలు. రాయడానికి గంటన్నర. అక్క ముద్ర వేసి, నా సంతకం పక్కన తనూ సంతకం పెట్టింది. నువ్వెందుకక్కా అంటే, షాపు ఇద్దరిదీ కదే అంది.

మార్చి 14, శుక్రవారం

కండక్టరమ్మ స్వయంగా వచ్చింది కాగితం కోసం. చంకకర్రలతో మా మెట్లు ఎక్కింది. పట్టుకోబోతే వద్దంది. నిలబడే మొత్తం చదివింది. క్షమించమని అడిగాను. పదకొండేళ్ళ సర్వీసు నాది, మీకు ఎనిమిది సెకన్లు, అంది. అరవలేదు. మడిచి జాకెట్లో పెట్టుకుని దిగిపోయింది.

అక్క లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. గ్లాసు బెంచీ మీద పెట్టేశాను.

మార్చి 19, బుధవారం

డిపోవాళ్ళు ముప్పై రోజులు గడువిచ్చారట. ఆఖరిసారి అని రాసి మరీ.

క్లినిక్ తన ఏడు మిషన్లూ వేరే షాపుకి ఇచ్చేసింది. కాళ్ళ డాక్టరు ఫోన్లో చెప్పడానికి మొహమాటపడ్డాడు, పై నుంచి నిర్ణయం అని. మీరు చేసింది సబబే అన్నాను. నా ఎస్‌ఎస్‌డీ తుడిచేశాను. అక్క పీఈ ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాను. ఎన్ని నిమిషాలు పడుతుందో చూసుకోవడం లేదు.

ఏప్రిల్ 17, గురువారం

ఇవాళ కండక్టరమ్మ టెస్టు. ఫోన్ చేసి అడిగే మొహం లేదు నాకు.

మే 2, శుక్రవారం

బస్సెక్కాను. కండక్టరు ఆవిడే. రాడ్ పట్టుకోకుండా నిలబడి ఉంది. నన్ను గుర్తుపట్టింది. ఎక్కడికి అంది. టికెట్ ఇచ్చింది. డోర్ దగ్గర నిలబడొద్దు, ముందుకి జరగమని కసిరింది. జరిగాను.