ఒక్క సాక్షి గల మాట

అంకారా, జాతీయ తుర్కీ భాషా సంస్కృతుల భవనం, మాటల సేకరణ విభాగాధిపతి గారి సముఖమునకు, ఎలాజిగ్ పట్నం నుండి విశ్రాంత ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు రెఫిక్ సారాచ్ సమర్పించుకొను అర్జీ.
1986 నవంబరు 11

అయ్యా,

విషయం: అక్చాకాయ గ్రామం నుండి 1954లో నేను పంపిన "ఇలింజె" అను మాట చీటీలో "చెప్పినవారు" అను గడిని సవరించుట గురించి.

1. తమ భవనం చరిత్ర తమకే చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. కాని తమ సంతకం నాకు కొత్త, అందుచేత చెబుతున్నాను. అరబ్బీ లిపి పోయి కొత్త లిపి వచ్చిన తొలి ఏళ్ళలో, జనం నోట ఉన్న తుర్కీ మాటలన్నీ ఏరి దాచాలని నలుగురు పెద్దలు పూనుకొని ఈ భవనం పెట్టారు. పుస్తకాల నిండా అరబ్బీ, పారశీ మాటలు పేరుకుపోయాయనీ, అసలు మాటలు మేకల కాపరుల దగ్గరా రొట్టెలు కాల్చే ఆడవాళ్ళ దగ్గరా ఉన్నాయనీ వారి వాదన. ఏరే పని మా బడిపంతుళ్ళ నెత్తిన పడింది. అచ్చు చీటీలు కట్టలుగా వచ్చేవి. మాట, అర్థం, ఊరు, చెప్పినవారు, రాసినవారు అని ఐదు గళ్ళు. పదకొండేళ్ళలో నేను వెయ్యిన్నూట నలభై పంపాను. ప్రతి కొత్త సంవత్సరానికీ భవనం నుండి చేత్తో రాసిన కార్డు వచ్చేది. ఒక ఏడాది, చీటీల గదిలో పనిచేసే ఒకావిడ "మాస్టారూ, మీరు పంపిన మాట మా అమ్మ కూడా అనేది" అని అంచున రాసింది. తర్వాత భవనం సర్కారు చేతికి వెళ్ళింది. బోర్డు మారింది, చీటీలు గోతాల్లో కొత్త చోటికి మారాయి, కార్డులు ఆగిపోయాయి. ఇది ఫిర్యాదు కాదు. కాదని రాశాను గాని, ఫిర్యాదే.

2. గత నెల తమ ఉత్తరం అందింది. కరెంటు బిల్లు కాక వేరే కాగితం నా పేర వచ్చి చాలాకాలమైంది గనుక మెట్ల మీదే నిలబడి చదివాను. ఒకే ఊరి నుండి వచ్చిన మాటకు అదే ఊళ్ళో వేరే ఇంటివారు రెండో సాక్షిగా వేలిముద్ర వేయవలెననీ, లేనిచో మాటను జాబితా నుండి తొలగించి చీటీని రద్దు చేయుదురనీ, గడువు డిసెంబరు ఆఖరనీ అందులో ఉంది.

3. సదరు అక్చాకాయ గ్రామం కెబాన్ ఆనకట్ట నీళ్ళ కింద ఉంది. అక్కడ ధ్రువీకరించడానికి చేపలు తప్ప ఎవరూ లేరు. ఊరివాళ్ళు సగం జర్మనీ పోయారు, సగం మెర్సిన్ వైపు పోయారు. ఈ పట్నంలో మిగిలింది నేను, మా పాత పొరుగింటి హమీదె అక్క.

4. ఆ మాటకు నేను రాసిన అర్థం: ఇద్దరు మనుషులు ఒకే గదిలో, కోపతాపాలు లేకుండా, ఏమీ మాట్లాడుకోకుండా కూర్చుని ఉండడం. "చెప్పినవారు" గడిలో "ఊరి ఆడవాళ్ళు" అని రాశాను. అది అబద్ధం. చెప్పింది నా భార్య. పరాయి మగవాళ్ళ ముందు భార్య పేరెత్తడం మా వైపు మర్యాద కాదు. కాఫీ అంగట్లో కూడా "మా ఇంటివాళ్ళు" అనే అనేవాళ్ళం. ఇక అంకారా భవనంలో ఎందరు మగవాళ్ళు చదువుతారో అని, ఆమెను ఊరి ఆడవాళ్ళందరి వెనకా దాచాను. ఆమె ఆ చీటీ చూసి, "ఊరి ఆడవాళ్ళంతా నేనేనా? అయితే రేపటి రొట్టెలు వాళ్ళనే కాల్చమనండి" అంది. నవ్వుతూనే అంది. ఆ మర్నాడు రొట్టెలు మాత్రం ఆలస్యమయ్యాయి. ఆమె పోయి నాలుగేళ్ళు.

5. తమ ఉత్తరం పట్టుకొని హమీదె అక్క దగ్గరికి వెళ్ళాను. కూతురి ఇంట్లో ఉంటోంది. టీ పోసి, ఎండు మల్బరీలు పెట్టింది. ఈ మాట ఎప్పుడైనా విన్నావా అని అడిగాను.

"లేదు మాస్టారూ. అది మీ ఆవిడ సొంత మాట. మీ గుమ్మం దాటి రాలేదు" అంది. అంటూనే బొటనవేలు చాపింది. "అయినా తెండి ఆ సిరా. ఆవిడ కోసం ఆమాత్రం అబద్ధం ఆడలేనా? దేవుడితో నేను చెప్పుకుంటాలే."

నేను టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. అలాగే కూర్చున్నాం. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. నాలుగేళ్ళకు ఒక గదిలో ఇంకో మనిషి ఊపిరి వినబడింది. ఇదే ఇలింజె కాబోలు, ఈవిడ సాక్ష్యానికి పనికొస్తుంది, అబద్ధం ఆడనక్కర్లేదు అని ప్రాణం లేచి వచ్చింది. అంతలో ఆమె అంది:

"ఏం మాస్టారూ, కోపమొచ్చిందా?"

ఆ మాట తెలిసినవాళ్ళు ఆ ప్రశ్న అడగరు. వేలిముద్ర వద్దని చెప్పి వచ్చేశాను.

6. నేనే సాక్షిగా ఉందామంటే, రాసినవారు సాక్షి కారాదని తమ నిబంధన. నిబంధన లేకపోయినా నా వల్ల కాదు. అలా కూర్చోవడం ఒక్కడివల్ల అయ్యేది కాదు. ప్రయత్నించి చూశాను. ఒక్కడే కూర్చుంటే గదిలోకి వచ్చేది వేరే. దానికి ప్రతి ఊళ్ళోనూ మాట ఉంది, సాక్షులు కూడా బోలెడుమంది.

7. నోరు మూసుకొని దొంగ వేలిముద్ర జతపరిస్తే మాట నిలుస్తుంది, ఆమె ఉండదు. గడి సవరిస్తే ఆమె ఉంటుంది, ఒక్క నోటి మాట అని తేలి చీటీ రద్దవుతుంది. రెండూ దక్కే దారి ఉందేమోనని మూడు వారాలు ఆలోచించాను. లేదు.

కావున, ఫలితం తెలిసే, సదరు గడిని సవరింపజేయవలసినదిగా వేడుకొంటున్నాను. ఈ ముసలివాడి మొరను దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
రెఫిక్ సారాచ్

తా.క. సవరించవలసిన పేరేదో అర్జీలో లేదని తమ గుమాస్తా దీన్ని తిప్పి పంపుతాడు. రాయబోయి మూడు కాగితాలు పాడుచేశాను. ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురంలో బయటివాళ్ళ ముందు ఒక్కసారీ అనలేదు, చెయ్యి సాగడం లేదు. ఆమె పేరు ఎల్మాస్. ముందు చీటీలో ఆ పేరు రాయించండి. సిరా ఆరనివ్వండి. ఆ తర్వాత కొట్టివేయండి.